గేటు దగ్గర సంచీ

బాగ్‌బేరాలో మా ప్రైమరీ స్కూల్లో ఎప్పట్నుంచో ఒక అలవాటుంది. పిల్లలు పారేసిన రాతకాగితాలు, ఖాళీ సీసాలు ఆయా సొంతం. శనివారం సాయంత్రం సంచీ నింపుకుని పాత సామాన్లు కొనే కబాడీవాడికి అమ్ముకుంటుంది. ఆమె ఆకూవక్కా, చాయ్ అందులోంచే. ఆ ఆయా మా మేనత్త. హెడ్‌మేడమ్‌ని నెలరోజులు బతిమాలి నాకీ టీచరు ఉద్యోగం ఇప్పించిందీ ఆవిడే.

నోరా, వీపుకు తేకే అంటారు. నా నోరు తెచ్చింది అత్త వీపుకి. స్కూల్లో చెత్త తగ్గించాలని మీటింగు పెడితే అందరికంటే ముందు నేనే లేచాను. "మన చెత్త ఒక్క ముక్క కూడా గేటు దాటకూడదు. చాక్లెట్ రేపర్లు సీసాల్లో కూరి, ఆ సీసాలతో బెంచీ కడదాం. కాగితాలు నానబెట్టి పిల్లలచేత అట్టలు చేయిద్దాం" అన్నాను. అందరూ చప్పట్లు కొట్టారు. అత్త నా ముందు టీ గ్లాసు పెట్టినప్పుడు గానీ నా బుర్ర వెలగలేదు.

మర్నాడే చెత్త పెట్టే గదికి తాళం పడింది. తాళంచెవి నాకే ఇచ్చారు.

సాయంత్రం వాళ్లింటికెళ్లి, "అత్తా, తప్పయిపోయింది" అన్నాను.

"ఏటైందే ఇప్పుడు? పిల్లలకి మంచిదే కదా. నాను ఆకు మానేత్తాన్లే, పళ్లయినా మిగుల్తాయి" అని నవ్వింది. నాకు ఏడుపొచ్చింది.

రెండు వారాలకి, నానబెట్టడానికని బయట పెట్టిన కాగితాల కట్ట ఒకటి కనబడలేదు. ఇకమీదట ఆయా ఇంటికెళ్లేటప్పుడు ఆమె సంచీ రోజూ గేటు దగ్గర నన్నే చూడమంది హెడ్‌మేడమ్.

"ఆవిడ మా మేనత్త, మేడమ్."

"తెలుసు. అందుకే నీకు చెబుతున్నా. బయటివాళ్లు సంచీ వెతికితే ఆమెకు బాగుంటుందా?" అంది హిందీలో, ఎంతో దయగా.

చూడనంటే నా ఉద్యోగంతో పాటు, నాకోసం మాటిచ్చిన అత్త పరువూ పోతుంది. చూస్తే ఇక చెప్పేదేముంది! ముందు నుయ్యి, వెనక గొయ్యి.

మధ్యాహ్నానికి ఆ కట్ట దొరికింది. మూడో తరగతి పిల్లలు ముందుగానే తొట్టిలో నానేశారట. ఆనందంగా పరిగెత్తి చెప్పాను. "మంచిది. రూలు మాత్రం రూలే" అంది హెడ్‌మేడమ్.

స్కూలు వదిలాక గేటు దగ్గర నిలబడ్డాను. నువ్వెళ్లిపో అత్తా అందామనే అనుకున్నాను. ఆఫీసు కిటికీలో హెడ్‌మేడమ్ ఉంది. అత్త అటు చూసింది, నా మొహం చూసింది. నేనడక్కముందే సంచీ తెరిచి పట్టుకుంది.

"బేగి సూడే అమ్మీ. ఆవిడ సూత్తంది."

లోపల ఖాళీ టిఫిన్ డబ్బా, తడి తువ్వాలు. పైనుంచే కనిపిస్తున్నాయి. అయినా చెయ్యి పెట్టి అడుగుదాకా వెతికాను.