మణెమ్మ చెప్పిన ఫ్లడ్‌లైట్

నిన్న సాయంత్రం బిజినేపల్లిలో మన బడి గ్రౌండ్‌లో కొత్త ఫ్లడ్‌లైట్లు వెలిగించారు. వేడికి మాడిన పురుగుల వాసన మధ్య నిలబడి వాటిని చూస్తుంటే ఏడో తరగతి గుర్తొచ్చింది.

ఫ్లడ్‌లైట్‌కు ఆ పేరెందుకో తెలుసుకొని రమ్మన్నారు ఇంగ్లిష్ సారు, మీకు గుర్తుందా? అమ్మానాన్నల వెంట, రాత్రిళ్లు ఆ లైట్ల కింద సాగే దూరపు కాలువ పనులకు పోయొచ్చిన మన క్లాసు మణెమ్మ బడికి వచ్చే దారిలో నాకు చెప్పింది.

"వరద గుంతలన్నీ నింపినట్టు ఎలుగు నింపుతది. గందుకే గా పేరంట. మేస్త్రీ చెప్పిండు."

క్లాసులో మణెమ్మ చెయ్యెత్తింది. సారు చూడకముందే నేను లేచి ఆ మాటలే అప్పజెప్పాను. మీరంతా చప్పట్లు కొట్టారు. ఎత్తిన చెయ్యి దించి మణెమ్మ కూడా కొట్టింది.

నిన్న మా పాప ఆ పేరెందుకని అడిగింది. వరద సంగతి చెప్పాను.

"నీకెట్ల తెల్సు నాన్నా?"

"బుక్కుల చదివిన," అన్నాను.