పెరటి స్టవ్వు తీసేసిన రోజు

మొన్న కాశీ యాత్రకు గది వెతుకుతూ మా మనవరాలు, మూడు స్టార్లకు తక్కువైతే నిన్ను దిగనివ్వను తాతా అని తేల్చి చెప్పేసింది. స్టార్ అంటే ఏమిటే అంటే, మంచి హోటల్ అని అర్థం అంది. నాకు నవ్వొచ్చింది గానీ, వెంటనే పాత సంగతి ఒకటి గుర్తొచ్చింది. ఆమె వయసులో నేనూ అట్లాగే అనుకుని, ఒక మనిషి పట్ల తప్పు చేశాను.

డిగ్రీ తప్పి ఊరికే తిరుగుతున్నానని మా అమ్మ నన్ను వరంగల్లులో మా మేనమామ లాడ్జికి తోలింది. కౌంటర్లో కూర్చుని రిజిస్టర్ రాయడం నా పని. పెద్ద దవాఖాన దగ్గరే కావడంతో, మేడారం జాతర రోజులు తప్పిస్తే మా గదుల్లో ఎప్పుడూ రోగుల తాలూకు వాళ్ళే. మా అత్తమ్మ పెరట్లో రేకుల కింద ఒక కిరోసిన్ స్టవ్వు పెట్టి, జావ కాచుకోవాలన్నా పాలు వేడి చేసుకోవాలన్నా మా దగ్గర దిగినవాళ్ళనూ దిగనివాళ్ళనూ కూడా రానిచ్చేది. వంట రాని మగవాళ్ళను నాలుగు తిట్టి, గరిటె తనే అందుకునేది. ఆమె నోటికి పదునెక్కువ, మనసు మాత్రం వెన్న.

మామకు ఎవరు ఎక్కించారో ఏమో, లాడ్జికి స్టార్లు తెచ్చుకోవాలన్న పంతం పట్టుకుంది. స్టార్లుంటే కంపెనీల వాళ్ళు దిగుతారు, లేకుంటే మనది ఎప్పటికీ సత్రం బతుకే అనేవాడు. హసన్‌పర్తి పొలం అమ్మి లిఫ్టు పెట్టించాడు, స్నానాల గదులకు టైల్స్ వేయించాడు. స్టార్లిచ్చే ఆఫీసర్ల తనిఖీ రోజు పొద్దున్నే, పెరట్లో పొగ కనబడితే అంతా మట్టి కొట్టుకుపోతుందని స్టవ్వు తీసేయించి, బయటివాళ్ళనెవరినీ రానీయొద్దని నాకు చెప్పాడు. అత్తమ్మ ఆ స్టవ్వును విసురుగా వంటింట్లోకి మోసుకెళ్ళింది.

ఆఫీసర్లు టేపు పట్టుకుని గదులు కొలుస్తుండగానే, పాలకుర్తి వైపు నుంచి వచ్చిన ఒక పెద్దమ్మ గిన్నె పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. భర్తకు కడుపు ఆపరేషన్ అయి నాలుగు రోజులట, ఆ రోజే మొదటిసారి జావ తాగించమన్నారట. ఇస్త్రీ చొక్కా వేసుకున్న మొనగాణ్ణి కదా, ఇయ్యాల స్టవ్వు లేదు, పో పో అని చేత్తో అదిలించాను. ఆమె గిన్నెతో వెనక్కి తిరిగింది.

తనిఖీ అయ్యాక మామ ఉండబట్టలేక, పెరట్లో ఎవరైనా జావ కాచుకుంటే స్టార్ పోతుందా సార్ అని అడిగేశాడు. ఆఫీసరు కాగితాలు తిరగేసి, గది కొలత, లిఫ్టు, వేడినీళ్ళు, కౌంటర్లో మనిషి, మాకున్న గళ్ళు ఇవేనండీ, మీ జావకు గడే లేదు, దానివల్ల స్టార్ పోదు, రాదు అన్నాడు. మామ ముఖం వెలవెలబోయింది. నేను పెద్దమ్మ సంగతి అత్తమ్మకు చెప్పేసి, తిట్లు తిని, ఆమె వంటింట్లో కాచిచ్చిన జావ క్యారియర్‌తో దవాఖానకు పరుగెత్తాను.

వార్డులన్నీ వెతికితే, ఆ పెద్దమ్మ, పక్క మంచం వాళ్ళిచ్చిన గ్లూకోజ్ నీళ్ళను భర్తకు చెంచాతో తాగిస్తోంది. నాకు ఏడుపాగలేదు. తప్పయింది పెద్దమ్మా అంటే, కొంగుతో నా చెమట తుడిచి, "ఫికర్ చెయ్యకు బిడ్డా. గంత పెద్దోళ్ళు వచ్చిండ్రు గదా, మీ మామ పని మంచిగైందా?" అని అడిగింది. తిట్టినా బాగుండేది.

మాకు రెండు స్టార్లు వచ్చాయి. మామ తనిఖీ మర్నాడే స్టవ్వును మళ్ళీ పెట్టించాడు గానీ, స్టార్ల బోర్డు చూసి రోగుల తాలూకు వాళ్ళు మా మెట్లెక్కడానికే జంకారు, కొన్నాళ్ళకు అత్తమ్మ ఆ స్టవ్వును ఎవరికో ఇచ్చేసింది. స్టార్లు అబద్ధమాడవు, లిఫ్టుంది, వేడినీళ్ళున్నాయి అంటాయి, అంతవరకు నమ్మవచ్చు. ఇప్పటి హోటళ్ళలో కౌంటర్లో కూర్చునే పిల్లలు చేతులు జోడించి నవ్వుతారు, ఎవరినీ పొమ్మనరు. పొమ్మనే అవసరమే లేకుండా, గిన్నె పట్టుకున్నవాళ్ళు రావడమే మానేశారు.