తొంభై మూడో పేజీ

మా స్టోర్‌కీపర్ ఏ ఉత్తరాన్నీ పైనుంచి చదివేవాడు కాదు. కరీంనగర్ వైపు మనిషి. షార్జా పక్క సజ్జాలో తన లేబర్ క్యాంపులో చదువురాని వాళ్ల ఉత్తరాలన్నీ ఆయనే చదివిపెట్టేవాడు. ముందు కింది లైను నుంచి పైదాకా కళ్లతోనే గాలించి, "అందరు మంచిగున్నరు" అని ప్రకటించేవాడు. అప్పుడుగాని మొదటి అక్షరం పైకి చదివేవాడు కాదు.

ఎనభైల్లో మేం దుబాయ్‌లోని డేరాలో కంప్యూటర్లు అమ్మేవాళ్లం. ఉత్తరాలు టైపు చేసే సాఫ్ట్‌వేర్ మీద గుమాస్తాల కోసం తేలిక ఇంగ్లీషులో పుస్తకం రాయమని మా ముదీర్, అంటే మేనేజరు, నాకు పురమాయించాడు. మొదటి అధ్యాయం నిండా కంప్యూటర్ పుట్టుపూర్వోత్తరాలు దట్టించి, ఎలా ఉందో చెప్పమని పుస్తకమంతా స్టోర్‌కీపర్‌కి గర్వంగా ఇచ్చాను.

ఆయన తిన్నగా చివరి పేజీ తీశాడు. వెనక నుంచి గాలించుకుంటూ వచ్చి అడిగాడు.

"తప్పు మీట ఒత్తితే రాసిందంత పోతదా సార్?"

"పోదు. తొంభై మూడో పేజీలో రాశాగా!"

"గక్కడిదాంక పానం ఆగాలె గద! ఫస్టు అందరు మంచిగున్నరని చెప్పున్రి. అటెన్క మీ కంప్యూటర్ తాత ముచ్చట ఎంతసేపు చెప్పినా ఇంట."

నాకు ఒళ్లు మండింది. "పుస్తకాలు అలా రాయరు" అన్నాను.

ఆ మధ్యాహ్నమే నాకు ఇంటి నుంచి ఉత్తరం వచ్చింది. కవరు చించాను. నా కళ్లు తిన్నగా కింది లైనుకి పోయాయి. తల ఎత్తేసరికి స్టోరు గుమ్మంలో ఆయన.

"అందరు మంచిగున్నరా సార్?" అన్నాడు, నవ్వు ఆపుకుంటూ.

మర్నాడు కంప్యూటర్ తాతని వెనక్కి పంపేసి, తొంభై మూడో పేజీని మొదటి పేజీ చేశాను.