శ్రుతి తప్పని ఏడుపు

లాప్‌టాప్, ఒక మైకు, ఎవరూ అడ్డురాని గది ఉంటే చాలు, ఎవడైనా సంగీత దర్శకుడైపోవచ్చని నమ్మిన వయసు నాది అప్పుడు. మల్కాపురంలో మా మేడమీది రేకుల గదిలో గోడల నిండా పాత బొంతలు వేలాడదీసి, దానికి స్టూడియో అని పేరు పెట్టాను. (అమ్మ మాత్రం బొంతల గదనే అనేది.) నాకు వచ్చిన విద్య ఒక్కటే, పిచ్ కరెక్షన్. పాడేవాళ్ళు శ్రుతి తప్పిన చోటల్లా సాఫ్ట్‌వేరు ఆ గొంతును లాక్కెళ్ళి దగ్గర్లో ఉన్న స్వరం మీద కూర్చోబెడుతుంది. నెమ్మదిగా లాగితే ఎవరికీ తెలియదు. నాకు నెమ్మదే తెలియదు.

ఆ ఏడాది మా క్రేన్ మావయ్య పోయాడు. పోర్టులో క్రేన్ నడిపేవాడు కాబట్టి ఆ పేరు. డ్యూటీ నుంచి వచ్చి, టీ పెట్టమని చెప్పి, అత్త గ్లాసు తెచ్చేలోగా కుర్చీలోనే ఒరిగిపోయాడు. వాళ్ళకు పిల్లలు లేరు. పెద్దకార్యం దగ్గర పడుతుండగా అత్త మా మెట్లెక్కి వచ్చి బొంతల మధ్య నిలబడింది.

"ఒరే అబ్బాయ్, మీ మావయ్య మీద నాను పాట కట్టినాను. ఆ రోజు అందరి ముందూ పాడలేను, గొంతు రాదు. నువ్వు రికార్డు సేసి మైకులో ఏసెయ్యి" అంది.

"ఓడలన్నీ ఒచ్చినాయి, ఒంటిగా నువ్వెల్లినావు" అని ఎత్తుకుంది. అత్తది బొంగురు గొంతు. ఆమె కూనిరాగం తీస్తే మావయ్య "రేవులో షిప్పు కూతేసినట్టుందే" అని వెక్కిరించేవాడు. రెండో చరణానికి మాటలు ఆగిపోయి ఏడుపే మిగిలింది. కింద అమ్మ పెట్టిన కుక్కరు విజిలు కూడా అందులో పడింది. రికార్డింగు ఆపడానికి నాకు చేతులు రాలేదు.

అత్త వెళ్ళాక, ప్రేమకొద్దీ పనిలో దిగాను. బొంగురు తీసేశాను. శ్రుతి పెంచాను. పిచ్ కరెక్షన్ పూర్తిగా పెంచేశాను. పాటేదో ఏడుపేదో సాఫ్ట్‌వేరుకు తెలియదు కదా, ఒక్కో వెక్కునూ పట్టుకుని స్వరాల మీద వరసగా నిలబెట్టింది. (నాకది అద్భుతంగా వినిపించింది. ఏం చెప్పను!)

పెద్దకార్యం రోజు, భోజనాలకు ముందు, ఎలమంచిలి నుంచి వచ్చిన మావయ్య వైపు బంధువులంతా షామియానా కింద కూర్చున్నారు. పాట వేశాను. మైకులో పాతికేళ్ళ పిల్ల ఎవరో తేనె కలిపినట్టు పాడుతోంది. రెండో చరణంలో ఆ పిల్ల రాగయుక్తంగా ఏడ్చింది. గుసగుసలు మొదలయ్యాయి. మావయ్య అన్నగారు, భార్య చెవిలో చెబుతున్నాననుకుని గట్టిగానే అడిగాడు.

"ఎవులే ఈ పిల్ల? మావోడి కోసం ఇంతలాగ ఏడుత్తంది?"

"డబల్ డ్యూటీలని పోర్టు కాడే ఉండిపోయేవోడు కదేటి" అందావిడ.

అత్త లేచింది. ముఖం పాలిపోయింది.

"ఒరే, నా పాటేదిరా? ఇదెవుత్తి? నా మొగుడి కోసం ఇదెందుకు ఏడుత్తంది?"

"నీ గొంతే అత్తా" అన్నాను.

"నా గొంతు నాకు తెల్దేటి!"

అందరూ నావైపు, పోయినవాడి గుట్టు దాస్తున్నవాడి వైపు చూసినట్టు చూశారు. ఆ పోయిన మనిషి వచ్చి తన తరఫున ఒక్క మాట చెప్పుకోలేడు. అసలు రికార్డింగు వెతికి, ఏమీ ముట్టుకోకుండా వేశాను. బొంగురు గొంతు, తప్పిన శ్రుతి, కుక్కరు విజిలు, ఆ ఏడుపు. గుసగుసలు ఆగిపోయాయి. అత్త షామియానా గుంజ పట్టుకుని కూలబడి, తన ఏడుపు వింటూ మళ్ళీ ఏడ్చింది. "అదీ... అది నాను" అంది, ఎవరితోనో. మావయ్య అన్నగారు తువ్వాలుతో కళ్ళు తుడుచుకున్నాడు.

అత్త నన్ను పల్లెత్తు మాట అనలేదు. విస్తట్లో నాకు గారెలు తనే వడ్డించి "తినరా" అంది. తిడితే బాగుండుననిపించింది.

ఇప్పుడు అత్త కూడా లేదు. మొన్న ఎలమంచిలిలో ఒక పెళ్ళికి వెళితే, బాగా ముసలివాడైపోయిన ఆ అన్నగారు నన్ను పక్కకు పిలిచాడు. "బాబూ, అందరూ ఎల్లిపోనారు. ఇప్పుడైనా సెప్పు. ఆ మొదట పాడిన పిల్లది ఏ ఊరు?" అన్నాడు. ఎంత చెప్పినా నమ్మలేదు. "సర్లే, నీకూ మొహమాటం" అని భుజం తట్టాడు.

తిరుగు రైల్లో కిటికీ పక్కన కూర్చుని నాలో నేనే నవ్వుకున్నాను. ఇన్నేళ్ళలో నా పనితనాన్ని పూర్తిగా నమ్మిన శ్రోత ఆయనొక్కడే. ఆ వయసులో ఈ మాట విని ఉంటే ఎంత పొంగిపోయేవాణ్ణో!