కుట్టని గౌను

మా ఇంట్లో దయ్యాల మాటెత్తితే ముందుగా నవ్వేది నేనే. చీకటిపడ్డాక పెరట్లోకి వెళ్ళడానికి మా ఆయన జంకుతాడేమో గానీ, నాకు ఆ బెదురు లేదు. దయ్యాలున్నాయని ఒప్పించడానికి ఇది రాయడం లేదు. జరిగింది జరిగినట్టు చెబుతాను.

మాది పుంగనూరు. మా పాప హరిత రెండో తరగతి. దాని ఫోటో రోజూ వాట్సాప్ స్టేటస్‌లో పెట్టే పిచ్చి ఉండేది నాకు. గ్యాస్ బండ తెచ్చే ఆయనక్కూడా మా పాప ఏ రోజు ఎన్ని జడలు వేసుకుందో తెలుసు.

ఒక సెలవు రోజు మధ్యాహ్నం కుప్పం నుంచి మా పిన్ని ఫోన్ చేసింది.

"ఏమ్మా, పాప యాడుండాది?"

"ఈడ్నే, నా పక్కన అన్నం తింటాండాది. యాల పిన్నీ?"

పిన్ని ఏడ్చేసింది. తర్వాత తనకొచ్చిన మెసేజ్ నాకు పంపింది. హరిత ఫోటో. మదనపల్లె బస్టాండులో ఈ పాప తప్పిపోయింది, తల్లి తల్లడిల్లుతోంది, దయచేసి అందరికీ పంపండి అని దాని కింద ఉంది. పాప ముఖం చూశాక ఫోటోలో ఇంకేమీ చూడలేదు నేను.

సాయంత్రంలోగా అది ఎన్ని ఫోన్లు తిరిగిందో. పాపం, అందరూ మంచివాళ్ళే. బి.కొత్తకోట బస్సులో చూశామని ఒకరు చేర్చారు. ఎవరో ఆడమనిషి వెంట పోతోందని ఇంకొకరు చేర్చారు. ఇంటికొచ్చి పాపను తాకి చూసి వెళ్ళినవాళ్ళూ ఉన్నారు. పాప ఇంట్లోనే ఉందని నేను పెట్టిన మెసేజ్‌ను మాత్రం ఎవరూ ఇంకొకరికి పంపలేదు.

అప్పటికి నాకు కోపమే గానీ భయం లేదు. నా స్టేటస్‌లోని ఫోటోనే ఎవరో వాడుకున్నారనుకున్నాను. అంతలో మా టైలర్ మస్తాన్ భాయ్ ఫోన్ చేశాడు.

"అమ్మా, ఫోటోలో పాప గౌను సూసినావా? అది నువ్వు పాపకు గౌను కుట్టమనిచ్చిన చీరమ్మా. చీర ఇంకా నా బల్ల మీదనే ఉండాది. కత్తెర కూడా పెట్టలే."

ఫోటో పెద్దది చేసి చూశాను. నా పాత వంకాయరంగు చీరే. ఇస్త్రీపెట్టె తగిలి కాలిన మచ్చ గౌను అంచు దగ్గర కనబడుతోంది. వెనకాల బస్టాండు. వెంటనే మా తమ్ముడికి పంపాను.

మా తమ్ముడు కంప్యూటర్లు చదువుకున్నాడు. ఈ రోజుల్లో ఎలాంటి ఫోటో అయినా తయారు చేస్తారక్కా అన్నాడు. కావచ్చు. కానీ ఆ మచ్చ పడ్డాక ఆ చీర నేను కట్టనే లేదు, ఏ ఫోటోలోనూ లేదు. ముందుగా పంపిందెవరో ఎంత వెతికినా తేలలేదు.

చివరికి పాపకే చూపించాను. అది కొంచెం కూడా ఆశ్చర్యపోలేదు.

"ఆ పొద్దు బస్టాండులో నువ్వు ఫోన్ సూసుకుంటాంటివి కదమ్మా. నేను పిలిస్తే పలకలేదు" అని ఆడుకోవడానికి పోయింది.

చీరను కత్తిరించకుండానే తెచ్చి బీరువాలో పెట్టి తాళం వేశాను. స్టేటస్‌లు మానేశాను. మదనపల్లె వెళ్ళాల్సి వస్తే బస్టాండులో ఫోన్ బయటికి తీయను, పాప చెయ్యి వదలను. నొప్పి పుడుతోందమ్మా అంటుంది అది. అయినా వదలను.

ఇదంతా ఏమిటో నాకు ఇప్పటికీ తెలియదు. మొన్న ఆ మెసేజ్ మళ్ళీ నాకే వచ్చింది. పాప ఇంకా దొరకలేదట. చదివి పక్కకు తిరిగి చూశాను. హరిత ఉంది. ఇంకోసారి చూశాను.