తడి తగలని అయిదు వారాలు

మా అమ్మకు లేచింది అక్కి అని తేల్చింది మా మేనత్త. ఎడమ రొమ్ము మీద చర్మం ఎర్రగా కంది, కమలాపండు తొక్కలా గుంటలు పడి ఉంది. మేనత్త పైట తొలగించి ఒక్కసారి చూసి, "అక్కే" అనేసింది. డాక్టరుకు చూపిద్దామా అని నాయన గుమ్మం బయటి నుంచే అడిగాడు.

"గోటితో పొయ్యేదానికి గొడ్డలెందుకురా? మొగ డాక్టరు ముందర పైట తీస్తాదా నీ పెండ్లాం?"

నాయన సౌకార్‌పేటలోని తన మిరపకాయల మండీకి వెళ్ళిపోయాడు. కళ్ళు మూసుకుని వాసన చూసి, ఏ బస్తాలో సరుకు చెడిందో చెప్పగల మనిషి ఆయన. ఆడవాళ్ళ ఒంటి సంగతి వస్తే మాత్రం అక్కగారి మాటే వేదం.

అక్కికి మా వాళ్ళలో మందు లేదు, రాత ఉంది. కుమ్మరి వాళ్ళు ఎర్రమట్టి నూరి, కోడీకతో పొక్కుల మీద పూసి, పైన సింహం బొమ్మ రాస్తారు. అది తనంతట తాను రాలిపోయేదాకా నీళ్ళు తగలకూడదు. రొమ్ము మీద కాబట్టి రాసేది ఆడమనిషే కావాలి. తిరువొత్తియూరులో అట్లాంటి కుమ్మరి ముసలమ్మ ఉందన్నారు. ఎస్సెస్సెల్సీ చదువుతున్న నన్ను అమ్మకు తోడు పంపారు.

మా అమ్మ బస్సెక్కి దిగినా తలస్నానం చేసే మనిషి. కోడీక తగిలితే చెప్పేదేముంది? కానీ తడి తగలకూడదు. చివరికి నడుము దాకా నీళ్ళు పోసుకుని, తల మీద పసుపునీళ్ళు చిలకరించుకుని సరిపెట్టుకుంది. అప్పుడు నాకు నవ్వొచ్చేది.

మొదటిసారి రాశాక ఎరుపు తగ్గిందన్నారు. ఎర్రమట్టి కింద ఎరుపు తగ్గిందో లేదో ఎట్లా తెలిసిందని నేనూ అడగలేదు. పదిహేను రోజులకు రెండోసారి, ఇంకో పదిహేను రోజులకు మూడోసారి వెళ్ళాం.

మూడోసారి ముసలమ్మ ఈక పక్కన పెట్టి వేళ్ళతో పూసింది. పూస్తూ ఒకచోట ఆగి నొక్కింది. చంకలో కూడా నొక్కి చూసింది.

"మండతుండాదా తల్లీ?"

"లేదు, నొప్పే లేదు," అంది అమ్మ సంతోషంగా.

అమ్మ రవిక వేసుకుంటుండగా ముసలమ్మ నన్ను బయటికి పిలిచి, మేము తెచ్చిన ఆకూవక్కా తిరిగి నా చేతిలో పెట్టేసింది.

"పాపా, ఇది అక్కి గాదు. అక్కయితే మండిపోతాది. ఈడ లోపల రాయి మాదిరి ఉండాది. రేపే పెద్దాసుపత్రికి తోడుకోనిపో. మీ నాయనతో చెప్పు."

బస్సులో అమ్మ అడిగింది, "ఏమంటుండాది ఆమె?"

"తడి తగలనీయొద్దంట," అన్నాను.

అమ్మ పోయిన వయసు నేనూ దాటేశాను, ఆ జవాబు మాత్రం ఇంకా నోట్లోనే ఉంది. నాయనతో చెప్పాలంటే రొమ్ము అనే మాట పలకాలి. మా ఇంట్లో ఆడపిల్ల తండ్రి ముందు ఆ మాట అనదు. సిగ్గు, అంతే. ఇంకో పెద్ద కారణం ఉంటే బాగుండేదని చాలాసార్లు వెతుక్కున్నాను, దొరకలేదు. రేపు చెబుదాంలే అనుకున్నాను. ఆ రేపు అయిదు వారాలైంది.

చర్మం పగిలింది. రవిక తడిసింది. ఒకరోజు అన్నం ముందు కూర్చున్న నాయన తల ఎత్తి వాసన చూశాడు. ఎవరూ ఏమీ చెప్పకుండానే లేచి రిక్షా పిలిచాడు.

పెద్దాసుపత్రిలో ఉన్నది లేడీ డాక్టరే. వెళ్ళి ఉంటే మొదటి రోజే తెలిసేది. ఆమె అమ్మను పడుకోబెట్టి, ముందు ఈ మట్టి తుడవమని నర్సుతో చెప్పింది. నర్సు దూది నీళ్ళలో ముంచింది. అమ్మ గబుక్కున అరచెయ్యి అడ్డం పెట్టుకుని, డాక్టరు వైపు కాదు, నా వైపు చూసింది.

"తడి తగలగూడదని ఆమె చెప్పింది గదా పాపా? నువ్వు చెప్పినకాడి నుంచి ఒక్క బొట్టు పడనీలేదు నేను."

 

"ఇప్పుడు పరవాలేదమ్మా," అన్నాను.

నా మాట నమ్మి చెయ్యి తీసేసింది.