అత్త సంతకం

నా చిన్నప్పుడు మేము ఆళ్లగడ్డలో ఉండేవాళ్లం. మా మేనత్త జొన్నరొట్టెలు చేసి బస్టాండు దగ్గరి హోటళ్లకు వేసేది. భర్త పోయాక మాతోనే ఉండేది. పిండి కోసం రోజూ ఎవరి మర దగ్గరో కాచుక్కూర్చోవడం ఆమెకు విసుగు. తనకే ఒక పిండిమర ఉంటే రొట్టెలకూ సరిపోతుంది, వీధిలోవాళ్లకూ పట్టి ఇవ్వొచ్చని ఆశపడేది.

ఆడవాళ్లు వ్యాపారం పెట్టుకుంటే బ్యాంకు అప్పిస్తుందని మా నాయన కబురు తెచ్చాడు. ఆ వారమంతా ఆయన మాట మరీ మెత్తగా ఉంది. అత్త కోసమని బనగానపల్లె మామిడిపళ్లు తెచ్చాడు. ఎన్నడూ లేనిది, ఆమె అన్నం తిన్నదా అని అడిగాడు. పండు తింటూనే అత్త ఆయన్ను ఓరకంట గమనించడం నేను చూశాను.

చివరికి కాగితాలు తెచ్చి, "ఈడ సంతకం చెయ్యమ్మా. మిగతాదంతా నేను చూసుకుంటా" అన్నాడు.

అత్తకు సంతకం పెట్టడం వరకే వచ్చు. పెన్ను పట్టుకుని నన్ను పిలిచింది. "ఏం రాసిండారో చదువు పాపా."

నేను అప్పుడు ఐదో తరగతి. బడిలో చదివినట్టు గట్టిగా చదివాను. పిండిమర అన్న మాట ఎక్కడా రాలేదు. ఎరువులు, పురుగుమందుల దుకాణం అని ఉంది. నాయన చూసిన చూపుకు చదవడం ఆపేశాను.

అత్త పెన్ను మూత పెట్టింది. "పేరు నాది, అంగడి నీదా అన్నా? రేపు కట్టకపోతే బ్యాంకోళ్లు ఎవర్ని పట్టుకుంటారు?"

"ఇంట్లోవాళ్ల మీదనే అనుమానమా?" అన్నాడు నాయన.

"అనుమానమే" అంది.

మరుసటి వారం నన్ను వెంటబెట్టుకుని నంద్యాల బస్సెక్కింది. అక్కడి బ్యాంకు మేనేజరూ ఆమెను నమ్మలేదు. మగవాళ్లెవరూ రాలేదేం, నిజంగా నడిపేది ఎవరని తిప్పితిప్పి అడిగాడు. పేరు ఒకరిది, వ్యాపారం ఇంకొకరిది అయిన కాగితాలు ఆయన ఎన్ని చూసి ఉంటాడో ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు మాత్రం అత్తకు ఒళ్లు మండింది.

"సంచి జొన్నలు ఆడిస్తే ఎంత తరుగు పోతాదో నన్నడుగు సారూ. చెప్పలేకపోతే ఇయ్యొద్దు."

ఆయన నిజంగానే అడిగాడు, చాలాసేపు. తర్వాత ఒకరోజు ఇంటికొచ్చి, అత్త రొట్టెలు తట్టడం చూసి వెళ్లాడు.

మర వచ్చింది. నాయన మాత్రం చాన్నాళ్లు నాతో సరిగా మాట్లాడలేదు. చదివి తప్పు చేశానా అని అత్తను అడిగాను. దగ్గరికి తీసుకుని, "ఉన్నదే చదివినావు" అంది.

ఇప్పుడు నాకు సొంత కుట్టుమిషన్ల దుకాణం ఉంది. మొన్న మా అబ్బాయి నా పేరు మీద ఏదో లోను దరఖాస్తు ఫోన్లో చూపించి, ఊరికే వేలు ఆనించమన్నాడు. ఫోను తీసుకుని మొదటినుంచి చదవసాగాను. వాడు మొహం ముడుచుకున్నాడు. వాడంటే నాకు ప్రాణం. మా నాయనన్నా ప్రాణమే. చివరి పంక్తి అయ్యాకే వేలు ఆనించాను.